కొటేషన్‌ను కింది నుంచి చదవాలి

ఈమధ్య మా మేనల్లుడు విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక షాపు నుంచి గేమింగ్ సిస్టమ్‌కి కొటేషన్ తెచ్చాడు. బడ్జెట్ 60 వేలు. చదువుకి కూడా పనికి రావాలన్నది వాళ్ల నాన్న పెట్టిన షరతు. కాగితం మీద మొదటి లైను 'ఐ7 ప్రాసెసర్'. ఏ జనరేషనో, అంటే ఏ కాలంలో వచ్చిన తరమో, రాయలేదు. తర్వాత 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అట్టడుగున 'క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్' (సిస్టమ్ పెట్టె, లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) అని ఒకే లైను, రెండింటికీ కలిపి ఒకే ధర.

"ఐ7 వస్తోంది మావయ్యా" అన్నాడు సంబరంగా.

వాడి సంబరం నాకు అర్థమైంది. ఎంసెట్ కోచింగుల ఊరు కదా మనది, అంకె కనిపిస్తే ర్యాంకులాగే చూస్తాం. 3 కన్నా 5, 5 కన్నా 7 గొప్ప. షాపు వాళ్లకీ ఆ సంగతి తెలుసు. కానీ జనరేషన్ లేని ఐ7కి అర్థం లేదు. 2011లో వచ్చిన ఐ7-2600లో 4 కోర్లు (పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ సరిగ్గా అంతే, పైగా ఒక్కో కోరు పాతదానికన్నా ఎంతో వేగం. ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన పాత ఐ7లే కొత్త క్యాబినెట్లలో కూర్చుని 'గేమింగ్ పీసీ' అయిపోతున్నాయి. ఈ ఐ3, ఐ7లు చేసే ఇంటెల్‌లో 8వ జనరేషన్‌కి ముందువాటిని, కొన్ని మినహాయిస్తే, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మావాడు ఆడేది వాలొరెంట్. విండోస్ 11 మీద అది నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. అవి లేని పాత బోర్డు మీద విండోస్ 11 ఎలాగోలా ఎక్కించినా ఆ ఆట మొదలే కాదు.

అందుకే కాగితాన్ని తిప్పి కింది లైను నుంచి మొదలుపెట్టమన్నాను. షాపు వాడు ఎక్కడ తగ్గించుకున్నాడో అక్కడే దొరుకుతుంది.

ముందు ఎస్‌ఎంపీఎస్. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా కరెంటు తాగేది అక్కడి నుంచే. ఆ గడిలో 18 ఆంప్స్ అని ఉంటే 12 పెట్టి గుణించండి, 216 వాట్లు. పైన రాసిన 500 ఎటు పోయిందో వాళ్లనే అడగాలి. ఇప్పుడు కరెంటు ఖర్చు లెక్క చూద్దాం. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుకి 132 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ పూర్తి లోడులో 76 దాకా లాగుతుంది. అక్కడికే 208. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, బోర్డు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆట మధ్యలో సిస్టమ్ దానంతటదే ఆఫ్ అయిపోతుంటే వైరస్ అనుకుని ఫార్మాట్ చేయించేవాళ్లని చూశాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఆ డబ్బాది. నా మొదటి అసెంబుల్డ్ సిస్టమ్‌లో క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఓ వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు కాలిపోయింది. అది ఒక్కటే పోలేదు, మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ వెంట తీసుకుపోయింది. అందులో నా డిగ్రీ ప్రాజెక్టు ఉంది. అప్పటి నుంచి ఈ ఒక్క విషయంలో నేను బేరమాడను. 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది), మంచి కంపెనీ, 550 వాట్లు, ఇంటి ప్లగ్గుకి సరైన ఎర్తింగ్, అంతే.

తర్వాత క్యాబినెట్. 'రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయి' అని మన పెద్దలు ఊరికే అనలేదు. యూట్యూబ్‌లో సమీక్షలు చేసేవాళ్లు చాలామంది చల్లటి గదిలో కూర్చుని కొలుస్తారు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది అంతకన్నా 15 డిగ్రీలు పైనే ఉండొచ్చు. గదిలో పెరిగిన వేడి దాదాపు అంతే కార్డు మీదా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక కార్డు తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. ముందువైపు అద్దం బిగించిన క్యాబినెట్ చూడ్డానికి పెళ్లి మండపంలా ఉంటుంది కానీ గాలి ఎటునుంచి రావాలి? ముందు జాలీ, అక్కడ రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి చాలు. రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము ఊదేయాలి.

గ్రాఫిక్స్ కార్డు లైనులో ఉన్నది '4 జీబీ' అన్న మాట ఒక్కటే. 2014 నాటి జీటీ 730 కూడా 4 జీబీలో దొరుకుతుంది, దానితో కొత్త ఆటలు ఆడలేం. పేరు ఒకటే అయినా మోసపోవచ్చు. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 2024లో వచ్చిన 6 జీబీది వేరు, రెండోదానిలో కోర్లే తక్కువ. నన్నడిగితే మొత్తం డబ్బులో మూడో వంతుకి పైగా ఈ లైనుకే పోవాలి. ప్రాసెసర్‌కి 6 కోర్లు చాలు.

మొత్తం కాగితంలో ఎక్కడా లేనిది మానిటర్. "ఇంట్లో పాత టీవీ ఉందిగా" అన్నాడు మావాడు. ఆ టీవీ 60 హెర్ట్జ్‌ది. వాలొరెంట్ లాంటి ఆటలో సెకనుకి 150 ఫ్రేములు తీసే సిస్టమ్ కొన్నా ఆ తెర చూపించేది 60 మాత్రమే. అలాగని పెద్ద రిజల్యూషన్‌కీ ఎగబడకూడదు. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 36.9 లక్షలు. కార్డు మీద పడే భారం ఆ మేరకు పెరుగుతుంది. ఈ బడ్జెట్‌కి 1080పీ, 144 హెర్ట్జ్ సరిపోతుంది.

ర్యామ్ గురించి చెప్పాలంటే చిరాకే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర ధరలు అమాంతం ఎగిశాయి. పాత రకం డీడీఆర్4 ర్యామ్ కూడా తప్పించుకోలేదు. ర్యామ్ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి పాత కొటేషన్ పట్టుకుని షాపు వాడితో గొడవ పడి లాభం లేదు. 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8, 8గా రెండు తీసుకుంటే డ్యూయల్ చానెల్ వస్తుంది, అంటే రెండూ కలిసి పనిచేసి డేటా వేగంగా అందుతుంది.

బిల్లు లేకపోతే తగ్గిస్తామన్నారట. 60 వేల ధరలో కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీ అంటే 9,153 రూపాయలు, ఎవరికైనా నోరూరుతుంది. కానీ మూడేళ్ల వారంటీ ఉన్న కార్డు రెండో ఏడు పోతే సర్వీసు సెంటర్లో చూపించాల్సింది బిల్లే. సీరియల్ నంబర్లు కూడా బిల్లు మీద రాయించమన్నాను.

వారం తర్వాత వేరే షాపు నుంచి కొత్త కొటేషన్ వచ్చింది. ఎస్‌ఎంపీఎస్‌కి విడిగా లైను, విడిగా ధర, మోడల్ పేరుతో సహా. ఐ7 పోయి రైజెన్ 5 5600 వచ్చింది. మానిటర్ ఈసారికి కుదరలేదు, సంక్రాంతికి కొంటానని బావ మాటిచ్చాడు. జాలీ క్యాబినెట్టే తీసుకున్నాడు కానీ మూడు ఫ్యాన్లూ రంగురంగుల లైట్లున్నవి. ఆ లైట్ల మీద నేనేమీ అనలేదు.