తరగతిలో ప్రశ్నలా? తక్షణం అరికట్టాలి!

తిరుపతి చదువుల ఊరు. 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు ఏ సందు తిరిగినా ర్యాంకర్ల ఫొటోలతో ఫ్లెక్సీలే. ఇంతటి ఊళ్లో, ఒక ప్రైవేటు స్కూల్లో ఈమధ్య జరిగిన ఘోరం విని తల్లిదండ్రులంతా టెన్షన్ పడుతున్నారు. తొమ్మిదో తరగతి సోషల్ సారు పాఠం ఆపి, పిల్లల్ని మాట్లాడనిచ్చారు.

జరిగింది ఇదీ. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించిందని, నిజమైన భారతీయులైతే పదిమందికి పంపమని ఒక పాప వాళ్లింటి గ్రూపులో పొద్దున్నే మెసేజ్ వచ్చింది. పాప క్లాసులో గర్వంగా చెప్పింది. సారు చప్పట్లు కొట్టించి ఊరుకుంటే పోయేది. "ఎప్పుడు ప్రకటించిందమ్మా?" అన్నారు.

"ఇప్పుడే సార్."

వెనక బెంచీవాడు లేచాడు. "సార్, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడే మా మామ ఫోన్లో చూసినా సార్ దీన్ని."

ఇంకొకడు, "రెండో ప్రైజు ఏ దేశానికి వచ్చింది సార్?"

చూశారా, రోగం ఎంత తొందరగా అంటుకుందో!

యునెస్కో అలాంటి పోటీ పెట్టనే లేదని పీరియడ్ ముగిసేలోపు తేలిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి, బీటీ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని, అక్కడి మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారని కూడా తవ్వితీశారు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోయే ఊరు కదా మదనపల్లె. అక్కడ జరిగిన సంగతిని ఏ గ్రూపూ మనకి పంపలేదంటే, అదంత ముఖ్యం కాదనేగా? పైగా పరీక్షలో రాదు.

అసలు నష్టం ఆ సాయంత్రం జరిగింది. ఈరోజు రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేయండి అని తాత గ్రూపులో పెట్టారు. దాని కింద పాప, "ఏ తేదీ రాత్రి తాతా?" అని రాసింది. ఆ మెసేజ్‌లో తేదీ ఉండదు. అందుకే అన్నేళ్లు నిలవుంటుంది, ఆవకాయకి కూడా లేదు ఆ గ్యారంటీ. తాత అలిగారు. గుడ్‌మార్నింగ్ పువ్వులు సైతం ఆగిపోయాయి. మర్నాడు పాప నాన్న స్కూలుకొచ్చి నిలదీశారు: "ఏంది సార్ ఇది? చదువు చెప్తారని ఫీజు కడితే, పెద్దోళ్లని ఎదురు ప్రశ్నలడిగేది నేర్పిస్తా ఉండారా?"

న్యాయమైన మాట. ఇచ్చిన నోట్సుని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టి, అర్థమైనా కాకున్నా పేపరు మీద దించేవాడికే కదా మనం ఫుల్ మార్కులు వేస్తాం. వచ్చింది వచ్చినట్టు పంపడంలో పదేళ్లు తర్ఫీదిచ్చి, తీరా ఫోను చేతికొచ్చాక ఆలోచించి పంపమంటే పిల్లలు అయోమయంలో పడరూ?

కొందరు మేధావులు దీనికి ప్రశ్నోపనిషత్తును అడ్డం తెస్తారు. ఆరుగురు వెళ్లి పిప్పలాద మహర్షిని అడగబోతే, ఏడాదిపాటు ఇక్కడ ఉండండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినవి అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం అన్నాడాయన. తెలిస్తే! డెమో క్లాసులో ఆ ముక్క అని చూడమనండి, ఏ స్కూల్లో ఉద్యోగం వస్తుందో.

ఇంకొందరు 2018ని గుర్తుచేస్తారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మెసేజ్‌లు తిరిగి, దేశంలో చాలాచోట్ల దారినపోయే అమాయకుల్ని కొట్టి చంపారు. ఎవరి బిడ్డ పోయింది, ఏ స్టేషన్లో కేసు పెట్టారు అని ఎవరైనా అడిగినా, ఆ గుంపులో వినిపించుకున్న నాథుడు లేడు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో, అప్పటికే బాగా తిరిగేసిన మెసేజ్ అయితే ఒక్క చాట్‌కే అంది. అడ్డుకట్ట కంపెనీవాళ్లే వేసేశాక, మళ్లీ క్లాసులో అడగడం నేర్పడమెందుకు? డబుల్ పని. అయినా ఒక్కొక్కరికే పంపుకుంటూ పోయినా, సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేర్చగల ఓపిక మన బాబాయిలకి ఉంది.

అదృష్టం కొద్దీ యాజమాన్యం వెంటనే మేల్కొంది. ఇకమీదట ఎవరికైనా సందేహం వస్తే చీటీ రాసి ఆఫీసు బయటున్న పెట్టెలో వేయాలి. పెట్టెకి తాళం వేశారు. తాళంచెవి కరస్పాండెంట్ గారి దగ్గర ఉంది, ఆయన బెంగళూరులో ఉంటారు. ఇక సోషల్ సారుని ఉద్యోగంలోంచి తీసేస్తే, ఎందుకు తీసేశారని పిల్లలు అడుగుతారేమోనన్న ముందుచూపుతో ఆయన్ని పీటీకి మార్చారు. స్కూలుకి ఆటస్థలం లేదు కాబట్టి, ఆ పీరియడ్‌కి మ్యాథ్స్ సారు వస్తారు.