తగ్గినది బరువే, దిగులు కాదు
బరువు తగ్గడం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, బరువు తగ్గితే ఆత్మవిశ్వాసం దానంతట అదే వస్తుందని వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. 12 కిలోలు తగ్గిన తరువాత కూడా అద్దం ముందు నిలబడగానే నా చూపు మొదట పొట్ట మీదికే పోయేది. తగ్గినది శరీరమే గాని, దానిలో తప్పులు వెతికే అలవాటు కాదు. వ్యాసం ప్రమాణంగా చూపిన బీఎంఐకి (ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే కొలమానానికి) మూలమైన సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే రూపొందించినది జనసమూహాల సగటులను అధ్యయనం చేయడానికే తప్ప, ఒక వ్యక్తి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. కండకూ కొవ్వుకూ తేడా అది చూపదు.

కడుపు మాడ్చుకుంటే మనసు కుదుటపడుతుందనుకోవడమూ పొరపాటే. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి చూసినప్పుడు, వారిలో చాలామంది ఆలోచనలు ఆహారం చుట్టూనే తిరిగాయి, దిగులూ చిరాకూ పెరిగాయి. నాకు మేలు చేసినవి చిన్న పనులు: తూకం యంత్రాన్ని అటకెక్కించడం, ఎప్పటికైనా పడతాయని దాచుకున్న బిగుతు దుస్తులను ఇచ్చివేయడం (ఇది అనుకున్నంత సులభం కాదు). భోజనం మానడం, తిన్నది కావాలని కక్కడం వరకు వెళ్లినవారు మానసిక వైద్యులను కలవాలని వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఉండవలసింది.