మహదీ నమ్మకం ఓడినవాళ్ళ ఓదార్పేనా?

మధ్యయుగపు ఇస్లాం చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక వాదన షేర్ అవుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: "ప్రళయానికి ముందు మహదీ వచ్చి లోకాన్ని న్యాయంతో నింపుతాడన్నది ఓడిపోయినవాళ్ళు చెప్పుకున్న ఓదార్పు. రాజ్యాలు లేచింది కత్తితో. పైగా మహదీ గొడవ షియాలది. గడువు తప్పగానే చెదిరిపోయే సరుకు. మొత్తానికి చదువురాని జనాన్ని తెలివైనవాళ్ళు బుట్టలో వేసిన కథ." ఇందులో నాలుగు మాటలున్నాయి. నాలుగూ నిలవవు.

ముందు ఓదార్పు సంగతి. ఈ మాట ఊరికే పుట్టలేదు. 685లో ఇరాక్‌లోని కూఫాలో ముఖ్తార్ తిరగబడి, ప్రవక్త అల్లుడు అలీ కొడుకు ముహమ్మద్ ఇబ్నుల్ హనఫియ్యాను మహదీ అన్నాడు. రెండేళ్ళలో ముఖ్తార్‌ను చంపేశారు. అలా ఓడినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ గెలిచినవాళ్ళ మాటేమిటి? 747లో ఇరాన్‌కు తూర్పున ఖురాసాన్‌లో, మెర్వ్ నగరం దగ్గర అబూ ముస్లిం నల్ల జెండాలు ఎత్తాడు. అంతకు పదమూడేళ్ళ ముందు హారిస్ ఇబ్న్ సురైజ్ అదే నేల మీద నల్ల జెండాలతోనే తిరగబడ్డాడు కాబట్టి ఆ రంగు మహదీ రాకకు గుర్తని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎవరి తరఫున పోరాటం అంటే పేరు బయటపెట్టలేదు. "ముహమ్మద్ వంశంలో అందరికీ సమ్మతమైనవాడు" అన్నారంతే. ఆ ఖాళీలో ఎవరికి కావలసిన మనిషిని వాళ్ళు ఊహించుకున్నారు. 750లో జాబ్ నది ఒడ్డున, అప్పటిదాకా ఏలుతున్న ఉమయ్యద్ వంశపు సైన్యం చిత్తయింది, అబ్బాసీ వంశం ఖలీఫా పీఠమెక్కింది. గెలిపించింది కత్తే, కాదనను. ఆ కత్తులన్నిటినీ ఒక్క జెండా కిందికి తెచ్చిందేమిటో పై వాదన అడగనే అడగదు.

గెలిచాక అసలు చిక్కు మొదలైంది. రావలసినవాడు వచ్చేశాడన్న ఆశ మీద పీఠమెక్కినవాడికి ఆ ఆశే బాకీ అవుతుంది. 762లో మదీనాలో అలీ వంశానికి చెందిన ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్లా తిరగబడ్డాడు. మహదీ పేరు ప్రవక్త పేరే అవుతుందని, తండ్రి పేరు ప్రవక్త తండ్రి పేరేనని హదీసు (ప్రవక్త మాటగా చెప్పుకునేది). ఆ పేరు ఇతనికి అచ్చంగా సరిపోయింది. అప్పుడు అబ్బాసీ ఖలీఫాగా ఉన్న మన్సూర్ అసలు పేరు అబ్దుల్లా, అతని కొడుకు పేరు ముహమ్మద్. అంటే ఆ కొడుకు కూడా ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్లాయే! మన్సూర్ కొడుక్కి అల్ మహదీ అన్న బిరుదిచ్చాడు. ఇంకా యువరాజుగా ఉండగానే ఇరాన్‌లోని రయ్‌లో వేసిన వెండి దిర్హమ్ నాణేల మీద ఆ బిరుదు చెక్కించారు. మదీనా ముహమ్మద్‌ను 762 డిసెంబరులో చంపి తల ఖలీఫాకు పంపారు. రెండో ముహమ్మద్ 775లో ఖలీఫా అయ్యాడు. మదీనా తిరుగుబాటు జరిగింది మన్సూర్ బాగ్దాద్ కట్టడం మొదలుపెట్టిన ఏడాదే. అంతటి రాజు, ఓడినవాళ్ళ ఓదార్పు కోసం కొడుకు బిరుదు దాకా వెళ్ళాడంటే నమ్మగలమా?

షియాలది మాత్రమే అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. పైన చెప్పిన హదీసు సున్నీలు గౌరవించే అబూ దావూద్ సంకలనంలోనే ఉంది. మొరాకో అట్లాస్ కొండల్లో 1121 ప్రాంతంలో తానే మహదీనన్న ఇబ్న్ తూమర్త్‌ను షియాల ఖాతాలో వేయలేం. అతని శిష్యుడు అబ్దుల్ మూమిన్ 1147లో మర్రాకేష్ పట్టుకుని అల్‌మొహాద్ సామ్రాజ్యం నిలబెట్టాడు. మనకు దగ్గరి ఉదాహరణ జౌన్‌పూర్ సయ్యద్ ముహమ్మద్. తానే మహదీనని ప్రకటించి 1505లో అఫ్ఘానిస్తాన్‌లోని ఫరాలో కన్నుమూశారు. ఆయనను నమ్మే మహదవీలు హైదరాబాద్ చంచల్‌గూడలో ఇవాళ్టికీ ఉన్నారు. 1589లో అహ్మద్‌నగర్‌లో మహదవీ అయిన జమాల్ ఖాన్ పసివాడైన నిజాంషాను గద్దె మీద కూర్చోబెట్టి, అప్పటిదాకా షియాగా ఉన్న రాజ్యాన్ని మహదవీ దారి పట్టించాడు. 1591లో యుద్ధంలో చనిపోయాడు.

ఇక గడువు తప్పగానే చెదిరిపోతుందన్న మాట. 930లో బహ్రెయిన్‌లో రాజ్యమేలుతున్న ఖర్మతీలనే షియా శాఖవాళ్ళు మక్కా మీద పడి కాబాలోని నల్లరాయి ఎత్తుకెళ్ళారు. మరుసటి ఏడాది వాళ్ళ నాయకుడు అబూ తాహిర్, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి మహదీ అని అధికారం అప్పగించాడు. వాడు తమవాళ్ళనే చంపించడం మొదలుపెడితే దాదాపు ఎనభై రోజులకే వాడినీ చంపేశారు. నమ్మకం నవ్వులపాలైంది, కొందరు వెళ్ళిపోయారు కూడా. రాజ్యం మాత్రం ఇంకో నూరేళ్ళకు పైగా సాగింది. ఉత్తర ఆఫ్రికాలో రాజ్యం స్థాపించిన షియా వంశం ఫాతిమీలదీ అదే దారి. కుతామా అనే బెర్బర్ తెగలను కూడగట్టి 909లో రాజ్యం గెలిచిపెట్టింది ప్రచారకుడు అబూ అబ్దుల్లా. ఆ మరుసటి ఏడాది అబ్దుల్లా అల్ మహదీ ఖలీఫా అయ్యాడు. ఇతను నిజంగా మహదీయేనా అన్న అనుమానం పుట్టింది, 911లో అబూ అబ్దుల్లా తల పోయింది. నమ్మి తెచ్చినవాడినే ముందు మింగడం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసే విషయం. లోకం మారలేదు, అయినా ఫాతిమీలు 1171 దాకా ఏలారు. మధ్యలో గాడిద మీద తిరిగే అబూ యజీద్ తిరగబడితే అతణ్ణి దజ్జాల్ (ప్రళయానికి ముందు వచ్చే మహా మోసగాడు) అన్నారు. తప్పిన గడువును అలా ముందుకు జరుపుకుంటూ పోయారు.

మోసం అన్న మాట దగ్గర మాత్రం నాకు కోపం వస్తుంది. ఆ కాలపు జనాన్ని అంత తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. మహదీ హదీసులను ఒక్కొక్కటే పరీక్షించి లోపాలు చూపిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ కూడా ఆ లోకంవాడే. 1377లో ఆయన అన్నదేమిటంటే, వెనక తెగ బలం లేనిదే ఏ పిలుపూ నిలవదని. ఇటు నమ్మినవాళ్ళలోనూ పండితులున్నారు.

అల్‌మొహాద్ దిర్హమ్ ఒకటి చూడండి. గోరంత చదరపు వెండి బిళ్ళ. చాలావాటి మీద రాజు పేరు ఉండదు, సంవత్సరం ఉండదు. "అల్లా మా ప్రభువు, ముహమ్మద్ మా ప్రవక్త, మహదీ మా ఇమాం" అన్న మూడు వరుసలుంటాయి. ఇబ్న్ తూమర్త్ పోయి నూరేళ్ళయ్యాక, 1230 ప్రాంతంలో ఖలీఫా మామూన్ మర్రాకేష్‌లో మసీదు ప్రసంగ వేదిక (మింబర్) ఎక్కి, ఈసా (యేసు) తప్ప వేరే మహదీ లేడన్నాడు. ఖుత్బాలోంచి (శుక్రవారపు ప్రసంగంలోంచి), నాణేల మీదనుంచి మహదీ పేరు తీసేయించాడు, ఎదురుతిరిగిన పెద్దలను చంపించాడు. ఆ మోసాన్ని రాజే స్వయంగా బయటపెట్టినట్టయింది కదా, అక్కడితో అయిపోవాలి. కానీ 1232లో గద్దెనెక్కిన అతని కొడుకు రషీద్, అల్‌మొహాద్ పెద్దలను మళ్ళీ తనవైపు తిప్పుకోవడానికి తండ్రి కొట్టేసిన ఆ పేరును తిరిగి పెట్టించాడు.