ట్యాంకులో బెజ్జం వదలండి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కొడుకు పోయిన వారం వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. మొక్కల అక్వేరియం పెడతాడట. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, దానికో రెగ్యులేటరు, ఫారిన్ మట్టి రెండు బస్తాలు, తివాచీలా పరుచుకునే మొక్కలు నాలుగు రకాలు, పదిహేను నియాన్ టెట్రా చేపలు. మొత్తం 18,000 రూపాయలు. కింద ఏదో జపాన్ ట్యాంకు ఫోటో పెట్టి, "మావయ్యా, అచ్చం ఇలాగే రావాలి" అన్నాడు.

ఆ ఫోటోలో కంటికి ఆనేది రాళ్లు. వాడి లిస్టులో రాళ్ల ఊసే లేదు.

నా కోపం వాడి మీద కాదు. కొత్తగా మొదలుపెట్టేవాడు ఎవరినడిగినా ఏం కొనాలో చెప్తారు. ఉన్నది ఎక్కడ పెట్టాలో చెప్పే నాథుడు ఉండడు. నేనూ అలా మునిగినవాణ్ణే. 2024లో నా మొదటి ట్యాంకు: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే దాదాపు 55 లీటర్లు. నీలం రంగు గులకరాళ్లు, బుడగలు వదిలే ప్లాస్టిక్ కోట, దాని పక్కన పుర్రె. మొక్కలు కావాలంటే కొట్టతను "వాటర్ ప్లాంట్సే సార్" అని లక్కీ బాంబూ, ఇంకేదో చారల మొక్క అంటగట్టాడు. అవి కుండీల్లో బతికేవి. ఆకుతో సహా నీళ్లలో ముంచితే ఎన్నాళ్లు ఆగుతాయి? మూడు వారాలకి కాడలు మెత్తబడి, మూత తీస్తే చాలు, కుళ్లిన తోటకూర వాసన.

అప్పుడే సింగ్ నగర్ నుంచి మా అమ్మ వచ్చింది. సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చి పోయాక ఇంకా బురద కడుక్కుంటున్న రోజులవి. హాల్లో ట్యాంకు చూసి, "అక్కడ నీళ్లు ఎత్తి పోసుకోలేక చస్తుంటే నువ్వు కొని తెచ్చి మరీ పెట్టుకున్నావా" అంది. కాసేపు వంగి చూసింది. "అన్నీ ఉన్నాయి గానీ చేప తిరగడానికి చోటేదిరా?" 

లేఅవుట్ గురించి, అంటే ట్యాంకులో ఏది ఎక్కడ పెట్టాలన్న దాని గురించి, నాకు ఇంతకన్నా పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఈ మొక్కల ట్యాంకులకి ఇంత మోజు రావడానికి ముఖ్య కారణం తకాషి అమానో. జపాన్‌లోని నీగాటా ఆయన ఊరు. 1954లో పుట్టి 2015లో పోయాడు. మొదట్లో సైకిల్ రేసర్, ఆ తర్వాత ఫోటోగ్రాఫర్. అడవుల్లో తిరిగి ఫోటోలు తీసి, ఆ చూపుతోనే గాజు పెట్టెలో రాళ్లు, దుంగలు పేర్చాడు. ఒక పెద్ద రాయి, దానికి తలవంచినట్టు చిన్న రాళ్లు, మొత్తం బేసి సంఖ్యలో ఉండే పద్ధతిని ఇవాగుమి అంటారు. దాన్ని అక్వేరియంలోకి తెచ్చింది ఆయనే. ఆయన చూసి పేర్చినవి ఆయన చుట్టూ ఉన్న కొండలూ అడవులూ. మనవాళ్లు ఆయన ట్యాంకుని చూసి పేరుస్తారు. కాపీకి కాపీ. అందుకే పది ఇళ్లలో పది ట్యాంకులు చూసినా ఒక్కటే చూసినట్టుంటుంది.

మావాడికి ఫోన్ చేసి ఒకటే చెప్పాను. ఈసారి విజయవాడ వచ్చేటప్పుడు బస్సులో ఎడమవైపు కిటికీ పట్టుకో. కనకదుర్గ వారధి ఎక్కాక ఫోన్ లోపల పెట్టి పడమటకి చూడు. కుడిచేతివైపు ఇంద్రకీలాద్రి బరువుగా కూర్చుని ఉంటుంది. ఎడమవైపు సీతానగరం కొండ. మధ్యలో ప్రకాశం బ్యారేజీ సన్నటి గీతలా ఉంటుంది, దాని పైనంతా ఆకాశమే. రెండు పక్కలా ఎత్తు, నడుమ పల్లం, రెండు ఎత్తులూ సమానంగా ఉండకపోవడం. లేఅవుట్ పాఠాల్లో దీన్నే 'యు' ఆకారం అని నేర్పుతారు. కొండకి బెజ్జం పడి కృష్ణమ్మ దారి చేసుకుందనీ, అందుకే బెజ్జంవాడ కాస్తా బెజవాడ అయిందనీ మనవాళ్లు చెప్పుకునే కథ ఉంది కదా. ఆ బెజ్జమే లేకపోతే అక్కడ చూడటానికి ఏముంది, కొండ తప్ప? ట్యాంకులోనూ అంతే. ముందు బెజ్జం ఎక్కడో తేల్చుకో, తర్వాత రాయి ముట్టుకో.

ఆ బెజ్జం సరిగ్గా నడిమధ్యలో వద్దు. రెండడుగుల ట్యాంకంటే దాదాపు 60 సెంటీమీటర్లు. ఒక అంచు నుంచి 20, 22 సెంటీమీటర్ల దగ్గర పల్లం రావాలి. నడిమధ్యలో పెడితే పెళ్లి స్టేజీలా ఉంటుంది.

ఇంకో చిక్కు లోతు. ముందు నుంచి వెనక్కి ఉన్నది ఒక్క అడుగే, కాబట్టి కంటిని మోసం చేయాలి. ఇసక ముందు మూడు నాలుగు సెంటీమీటర్లుంటే వెనక పది దాకా ఎత్తాలి. కృష్ణ ఇసకే చాలు, జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. నేను తొమ్మిది సార్లు కడిగాను. బెజ్జంలో ఇసక బాట ముందు బెత్తెడు వెడల్పుంటే వెనక్కి పోయేసరికి వేలెడంత అవ్వాలి. పెద్ద రాళ్లు ముందుకి, అదే జాతి చిన్న రాళ్లు వెనక్కి. వెడల్పాటి ఆకులు ముందు, సన్నాకులు వెనక. దూరంగా ఉన్నవి చిన్నగా కనిపిస్తాయని కన్నుకి అలవాటు, ఆ అలవాటునే వాడుకోవాలి.

ఇదంతా నీళ్లు పోయకముందే అవ్వాలి. అట్టపెట్టెని ట్యాంకు కొలతకి కోసి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పొడి ఇసకలో రాళ్లు జరుపుతూ ఉండాలి. రోజుకో ఫోటో తీయాలి. ఫోటోలో తప్పు దొరికినంత తేలిగ్గా ఎదురుగా దొరకదు.

రాళ్ల సంగతి. పిడుగురాళ్ల వైపు పనిమీద వెళ్లినప్పుడు రోడ్డు పక్కన అందమైన బూడిదరంగు రాయి దొరికింది, పొరలు పొరలుగా. ఎగురుకుంటూ తెచ్చా. ఇంటికొచ్చి నిమ్మచెక్క పిండాను. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చుయ్ మంటోంది, పైన బుడగలు. సున్నపురాయి! పిడుగురాళ్ల పేరే సున్నానికి, తెలిసీ మర్చిపోయాను. అలాంటి రాయి నీళ్లలో కొంచెం కొంచెం కరిగి నీటి కాఠిన్యం పెంచుతుంది. మా బోరు నీళ్లు అసలే బకెట్ అంచున తెల్లచార కడతాయి. ఆ రాయి ఇప్పుడు మా తలుపుకి అడ్డంగా ఉంది. నిమ్మరసానికి నోరెత్తని రాయే ట్యాంకులోకి.

మొక్కలకి పెద్ద చదువు అక్కర్లేదు. సిలిండరు ఖర్చు లేకుండా బతికేవి చాలానే ఉన్నాయి. అనూబియస్, జావా ఫెర్న్ రాయికి కుట్టుదారంతో కట్టాలి. వాటి లావుపాటి కాండం ఇసకలో పూడ్చారో, కుళ్లడం ఖాయం. వెనక వాలిస్నేరియా. నడుమ క్రిప్టోకొరైన్. ఈ క్రిప్ట్ మహా పెంకిది, చోటు మారగానే అలిగి ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిందని పీకేయకండి, వేరు నుంచి మళ్లీ వస్తుంది. కాలవలో హైడ్రిల్లా ఊరికే దొరుకుతుంది కదా అని నేనొకసారి తెచ్చాను. దాంతోపాటు నత్తలొచ్చాయి, తూనీగ పిల్ల ఒకటొచ్చింది. గప్పీ చేప పిల్లలు రోజుకి రెండు తగ్గుతుంటే వారం తర్వాత దొంగ దొరికింది.

నేలంతా పచ్చటి తివాచీ మాత్రం మొదటి ట్యాంకుకి వద్దు. దానికి గట్టి లైటు, కార్బన్ డయాక్సైడ్ గ్యాసు రెండూ కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ గ్యాసు కరగడం తగ్గుతుంది. మే నెలలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి, మనకే ఊపిరాడదు. నియాన్ టెట్రాలదీ అదే కథ, అవి చల్లటి నీళ్లు కోరే చేపలు. గప్పీలు, గౌరామీలు మన ఎండకి తట్టుకుంటాయి. గోల్డ్‌ఫిష్ వద్దే వద్దు, నాటిన మొక్కని నాటినట్టే పీకేస్తుంది. ఏ చేపైనా సరే, నీళ్లు పోశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాకే. చేపలు వదిలే విషపు అమ్మోనియాని తక్కువ హాని చేసేదిగా మార్చే బ్యాక్టీరియా ఈలోపు ఫిల్టరులో స్థిరపడాలి. లైటు మొదట్లో ఆరు గంటలు మించితే నాచు పట్టేస్తుంది.

మావాడు లిస్టు చించేశాడు. ఇప్పుడు వాడి దగ్గర ఉన్నది ఐదు రాళ్లు, ఒక సంచి ఇసక, ఒక అట్టపెట్టె. నిన్న రాత్రి మా అక్క ఫోన్ చేసింది. "నాలుగు రోజులైందిరా, నీ మేనల్లుడు ఆ ఒక్క రాయినే అటూ ఇటూ జరుపుతున్నాడు. మేం నేల మీద కూర్చుని తింటున్నాం. ఆ టేబుల్ ఎప్పుడు ఖాళీ చేస్తాడో కనుక్కో."

కనుక్కున్నాను. ఇంకో రెండు రోజులట.