తప్పుల్లేకుండా టైపు చేయాలట!

భూముల వివరాలు చూపించే ఒక సర్కారు వెబ్‌సైటు మనకు వెతకడం నేర్పిస్తోంది. స్పెల్లింగు సరిచూసుకోవాలట. దొరక్కపోతే ఇంకోలా కొట్టి చూడాలట. పెద్దల మాట కాదనకూడదు. నావీ రెండు చిట్కాలు కలుపుతాను.

మొదట, మీ పేరు మీకు తెలుసన్న అహంకారం వదలండి. కడప కోటిరెడ్డి సర్కిల్ దగ్గరి నెట్ సెంటర్‌కు ఒక పెద్దాయన ఆ అహంకారంతోనే వచ్చాడు. పేరు సుబ్బారెడ్డి. కుర్రాడు ఇంగ్లీషులో కలిపి కొట్టాడు. రికార్డులు లేవు. విడదీసి కొట్టాడు. లేవు. చివర 'వై' తీసి 'ఐ' పెట్టాడు. ఊహూఁ. పెద్దాయన సంచిలోంచి పాస్ పుస్తకం తీసి స్క్రీన్‌కు ఎదురుగా పట్టుకున్నాడు, అదేమైనా చదువుకుంటుందేమోనని.

"ఈడ రాసుండాది కదబ్బీ!"

"నీ పుస్తకంలో ఉంటే చాలదు పెద్దాయనా, దాంట్లో ఉండాల."

ఇంటిపేరు ముందు పెట్టమని వెనక నిలబడినాయన. కాదు, వెనకే పెట్టాలని ఇంకొకాయన. చిన్నపాటి పంచాయితీ జరిగింది. చివరికి 'బి' ఒకటి తీసి 'హెచ్' తగిలిస్తే, ఒక 'డి' కూడా ఎగరగొడితే దొరికాడు: సుభారెడి! ఇన్నాళ్లూ ఆ చేను దున్నుతున్నది ఆ మహానుభావుడన్నమాట.

ఇక ఊరు. 2005 దాకా కడప ఇంగ్లీషులో 'సి'తో మొదలయ్యేది, తర్వాత 'కె' అయింది. 2010లో జిల్లాకు వైఎస్ఆర్ పేరు పెట్టారు కాబట్టి 'వై' దగ్గరా చూడండి. 2022లో రాయచోటి అన్నమయ్య జిల్లాకు పోయింది, 'ఎ' దగ్గరికి పరుగెత్తండి.

జీవోలూ సర్క్యులర్లూ అయితే గూగుల్లోనే వెతకడం మేలు. మాటలకు కోట్స్ పెడితే ఉన్నదున్నట్టు వెతుకుతుంది, మాట ముందు మైనస్ పెడితే దాన్ని వదిలేస్తుంది.

పేరు పలికే తీరును బట్టి వెతికే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇచ్చింది 1918లో. దాని లెక్కలో సుబ్బారెడ్డి అయినా సుభారెడి అయినా ఒకటే కోడ్: ఎస్163. వందేళ్లు దాటిన విద్య అది! దాన్ని పెట్టడం చేతగాక రైతుకు స్పెల్లింగు పాఠాలా? తప్పు కొట్టింది మీ ఆఫీసువాడు. ఆ తప్పేమిటో కనిపెట్టాల్సింది, కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చిన ముసలాయనా? సిగ్గుండాలి.

పేరు సవరించమని అర్జీ పెట్టుకోవచ్చు, అడ్డమేమీ లేదు. అది ఎంతవరకు వచ్చిందో ఆ సైటులోనే చూసుకోవచ్చు కూడా. సుభారెడి అని కొట్టాలి.