ఆలస్యంగా అందిన దరఖాస్తు

నూరేళ్లు నిండాయంటే తెలుగులో అర్థం వేరు. అందుకే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు (ఆంధ్ర విశ్వవిద్యాలయానికి) శతవసంతాలు అంటున్నాం. 1926లో మద్రాసు శాసనసభ చట్టంతో బెజవాడలో మొదలై, ఏ ఊళ్లో ఉండాలన్న పేచీ తెగాక 1930లో విశాఖలోని వాల్తేరు మెట్టకు చేరింది.

ఇలాంటి వేళ పూర్వ విద్యార్థుల ఫొటోలు బ్యానర్లకెక్కడం మామూలే. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు, పారిశ్రామికవేత్త జి.ఎం.రావు, వారికన్నా ముందు వరుసలో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు. 2023లో, 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం అందుకున్న మనిషి. గర్వపడాల్సిందే. అయితే ఆయనే చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఇక్కడ గణితంలో ఎం.ఏ. ప్రథమశ్రేణిలో పాసై, పరిశోధక ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టారు. గడువు దాటి వచ్చిందని తోసిపుచ్చారు. చేసేది లేక సైనిక సర్వే ఉద్యోగం కోసం కలకత్తా రైలెక్కారు. అదీ దక్కలేదు. అక్కడే గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ నడిపే భారత గణాంక సంస్థ సంగతి ఎవరో చెబితే వెళ్లి, 1941 జనవరిలో చేరారు. పాతికేళ్ల వయసులో, 1945లో రాసిన పత్రం ఆయన పేరును ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది. చదువు చెప్పిన ఖ్యాతి మనది, పరిశోధన చేయించిన ఖ్యాతి కలకత్తాది.

ఫొటోలో ఉన్నవారి గురించి చాలా వింటాం. వారికి పాఠం చెప్పినవారిని తెచ్చినదెవరో అడగం. తొలి ఉపాధ్యక్షుడు (వైస్ చాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి 1930లో సర్కారు దమనకాండకు నిరసనగా పదవి వదిలేశారు. 1931లో ఆ పదవిలోకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్, మన ప్రాంతం వాళ్లేనా అని చూడకుండా సమర్థుల కోసం దేశమంతా గాలించారు. తర్వాత పార్లమెంటు సభ్యులుగా పేరొందిన హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ బెంగాల్ నుంచి వచ్చారు. సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం 1932లో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరేనాటికి ఇరవై మూడేళ్లు నిండీ నిండని కుర్రాడు. రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి దొరికారు. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలా! రెండో ప్రపంచ యుద్ధకాలంలో విశాఖపై బాంబులు పడితే విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది గానీ చదువులు మానలేదు.

ఇప్పుడో? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. విరమణ పొందినవారి కుర్చీలు అలాగే ఉంటాయి, క్లాసులు కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద నడుస్తాయి. ప్రభుత్వాలు మారుతున్నాయి, నోటిఫికేషన్లు వస్తున్నాయి, కోర్టుల్లో చిక్కుకుంటున్నాయి. శతాబ్ది తోరణాలకు మేం అడ్డం కాదు. వాటితోపాటే చిక్కులకు తావులేని నియామక ప్రకటన ఒకటి ఇవ్వాలనీ, ఎంపిక సంఘాల్లో రాజకీయ సిఫార్సులకు చోటుండరాదనీ అడుగుతున్నాం. కొత్త భవనం కట్టడం సులువు, శిలాఫలకం మీద పేరూ ఉంటుంది. మంచి మాస్టారును వెతికి తెచ్చినవారికి ఆ ఫలకం దొరకదు కాబట్టే కాబోలు ఈ పని ఎప్పుడూ వెనకబడుతుంది.

ఇరవై మూడేళ్ల భగవంతం ఈ రోజు వాల్తేరు మెట్ట ఎక్కి వస్తే, దొరికేది బహుశా గంటల లెక్కన డబ్బులిచ్చే గెస్టు కొలువు. అదీ వచ్చే ఏడాది ఉంటుందో లేదో చెప్పేవారుండరు.