జాలిగుండె కంపెనీలు

పెద్ద టెక్ కంపెనీలు డేటాబేస్ (సమాచారాన్ని పద్ధతిగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) స్టార్టప్‌లను ఎందుకు కొంటాయని కొందరు అనుమానంగా అడుగుతుంటారు. జాలితో కొంటాయి. అంతకు మించి కారణాలు వెతకడం మర్యాద కాదు.

డేటాబేస్‌లు అమ్ముకునే ఒరాకిల్ సంగతే చూడండి. మైఎస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్ ఊపందుకుంటున్న రోజుల్లో అది కోప్పడలేదు, కేసులు వేయలేదు. మైఎస్‌క్యూఎల్ లోపల లావాదేవీలు తప్పిపోకుండా చూసుకునే ఇన్నోడీబీ ఇంజిన్‌ను తయారుచేసిన ఫిన్లాండ్ కంపెనీని 2005లో కొనేసింది. పిలక చేతికి చిక్కాక మనిషితో గొడవెందుకు? ఆ మనిషిని, అంటే మైఎస్‌క్యూఎల్‌ను, 2008లో సన్ అనే కంప్యూటర్ కంపెనీ సుమారు 100 కోట్ల డాలర్లకు కొంది. 2010లో సన్‌నే ఒరాకిల్ కొనేసింది. పిలక, మనిషి ఒకే ఇంటికి చేరారు. మైఎస్‌క్యూఎల్‌ను పుట్టించి దానికి పెద్ద కూతురు పేరు పెట్టుకున్న మాంటీ వైడెనియస్ మాత్రం, ఈ బేరం తేలేలోపే అదే కోడ్‌తో చిన్న కూతురు పేరిట మరియాడీబీ మొదలుపెట్టాడు. ఓపెన్‌సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే) ప్రోగ్రామర్లకు ఒక్క సంతానం చాలదని దీన్నిబట్టి తెలుస్తోంది.

యాపిల్‌ది ఇంకా మెత్తని మనసు. 2015లో ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేస్ కంపెనీని కొని, డౌన్‌లోడ్లు ఆపేసి, మూడేళ్లు గుట్టుగా దాచుకుంది. 2018లో ఓపెన్‌సోర్స్ చేసింది. ఈలోగా దాన్ని నమ్ముకున్నవాళ్లు ఏం చేశారంటారా? అలవాటు పడ్డారు.

డేటా ఉన్నచోటే కస్టమర్ ఉంటాడని గిట్టనివాళ్లు అంటారు. వేరే డేటాబేస్‌కు మారాలంటే క్వెరీలు (డేటాను అడిగే ఆదేశాలు) తిరగరాయాలి, అర్ధరాత్రి సర్వర్లు ఆపాలి, ఒక్క వరుస తేడా వచ్చినా పొద్దున్నే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే ఆ పని ఏటా వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది, బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. ఇదంతా కాకతాళీయం.

2025 మే నెలలో డేటా వ్యాపారం చేసే డేటాబ్రిక్స్ సుమారు 100 కోట్ల డాలర్లకు నియాన్‌ను, మరుసటి నెలలో దాని పోటీదారు స్నోఫ్లేక్ క్రంచీ డేటా అనే కంపెనీని కొంటున్నట్టు ప్రకటించాయి. కొన్న రెండింటి సరుకూ పోస్ట్‌గ్రెస్సే, అంటే ఎవరైనా ఉచితంగా దించుకోగలిగే డేటాబేసే. ఊరికే దొరికేదానికి అంత డబ్బు పోయడం జాలి కాకపోతే ఏమిటి? పైగా నియాన్‌లో కొత్త డేటాబేస్‌లలో 80 శాతానికి పైగా సృష్టిస్తున్నది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లని (తమంతట తామే పనులు చేసే ప్రోగ్రాములని) డేటాబ్రిక్సే చెప్పింది. రేటు పెంచితే సణగని కస్టమర్లన్నమాట.

ఇలాంటి ప్రతి ప్రకటనలోనూ ‘ప్రస్తుత కస్టమర్లకు ఏమీ మారదు’ అన్న ధోరణిలో ఒక వాక్యం ఉంటుంది. అది చదివిన ఇంజినీర్లు ఆ రాత్రే కూర్చుని బ్యాకప్ తీసుకుంటారు. కృతజ్ఞత లేని మనుషులు.